మా ఏట్లో ఎవరూ లేరు

ఏరు ఒక్కటే. దాని పేరు పెట్టుకున్న ఊళ్ళు మాత్రం మూడు. మూడు ఊళ్ళవాళ్ళూ అసలు మేమేనంటారు, మిగతావాళ్ళు తమ పేరు ఎత్తుకుపోయారంటారు. మిల్లు ఉన్న ఊరివాళ్ళనడిగితే, వంతెన ఉన్న ఊరు మొన్న మొన్న పుట్టిందని తీసిపారేస్తారు. వంతెన ఊరివాళ్ళనడిగితే, మిల్లు రాకముందు అక్కడ నక్కలు తిరిగేవంటారు. ఇక మెరక మీది ఊరివాళ్ళనైతే అడగనే అక్కర్లేదు, పిలిచి కూర్చోబెట్టి మరీ చెప్తారు. తమాషా ఏమిటంటే ఆ మెరక మీద ఏరు లేదు. ఏరు కాదు కదా, పిల్లకాలవ కూడా లేదు. ఆనకట్ట కట్టినప్పుడు మునిగిపోయిన ఊరివాళ్ళు మూటాముల్లె సర్దుకుని గుట్టెక్కేటప్పుడు, ఏటిని ఎలాగూ మోసుకెళ్ళలేరు కాబట్టి దాని పేరొక్కటీ వెంట తెచ్చుకున్నారు. మిగతా రెండు ఊళ్ళవాళ్ళూ మమ్మల్ని చూసి పేరు గొప్ప ఊరు దిబ్బ అని నవ్వుకుంటారు. మమ్మల్ని అని ఎందుకన్నానంటే, నేను ఆ మెరక మీది దాన్నే.

పైగా నేను ఉద్యోగం చేసేది ఆ ఆనకట్ట ఆఫీసులోనే, ఫోను దగ్గర. ఊరు పోయినవాళ్ళ పిల్లలకి ఇచ్చిన ఉద్యోగాల్లో అదొకటి. గేట్లు ఎత్తే ముందు కింద కాపలా ఉన్నవాళ్ళకి ఫోన్లు చేసి, ఏట్లో మనిషన్నవాడు లేడని వాళ్ళ నోటితో అనిపించుకుని, ఆ మాట పైన గేట్ల గదికి చేరవెయ్యాలి. అంతకు మించి ఏమీ లేదు. కానీ ఆ ఒక్క మాట తప్పయితే మనుషులు పోతారు, అందుకే ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు నాకు జోకులు నచ్చవు.

అసలు చిక్కంతా కిందవాళ్ళ పొగరుతో వచ్చింది. ఫోనెత్తి "మిల్లు" అనో "వంతెన" అనో చచ్చినా అనరు. అంటే తమ ఊరు అసలుది కాదని ఒప్పుకున్నట్టేనట. ఏటి పేరు ఒక్కటి చెప్పి ఊరుకుంటారు. మేం గొంతుని బట్టి పోల్చుకోవాలి. మిల్లు కాపలావాడి మాట వెనక మరల చప్పుడు వినపడుతూ ఉంటుంది. వంతెన దగ్గరుండే ఆయన ముందు బాగా దగ్గి, గొంతు సవరించుకుని, అప్పుడు మాట్లాడతాడు. ఆయనకి దగ్గు మామ అని పేరు పెట్టింది నేనే. ఇన్నేళ్ళూ అలాగే సాగిపోయింది, సాగిపోతున్న బండికి ఎవరూ అడ్డం పడలేదు.

మా చెల్లి వెల్డరు. ఆ వర్షాకాలం ముందు వంతెన స్తంభాలకి ఇనప చట్రం బిగించే పనిలో కుదిరింది. స్తంభాలు ఏటి మధ్యలో ఉంటాయి, నిచ్చెన దిగి మోకాలి లోతు నీళ్ళలో నడిచి వెళ్ళాలి. ఇది మా నాన్నకి మింగుడుపడలేదు. నాన్న ఒకప్పుడు అదే ఏట్లో పడవ నడిపాడు. ఊరు మునిగిన రోజున ఇక దాని మొహం చూడనని ఒట్టు పెట్టుకున్నాడు. బస్సు వంతెన మీదుగా పోతుందని బస్సెక్కడమే మానేసిన మనిషి. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. ఇప్పుడు మెరక మీది ఊరి పంచాయతీ ఆఫీసులో ఫోనెత్తే పని చేస్తున్నాడు, ఎవరు చేసినా ఏటి పేరు ఎంతో మర్యాదగా, సొంత ఇంటి పేరు చెప్పుకున్నట్టు చెప్తాడు.

చెల్లి వచ్చి ఏట్లో పని దొరికిందని చెప్పినప్పుడు, ఏరంటే మన ఊరు, నువ్వు చెప్పేది నాకు తెలీదు అని పక్కకి తిరిగి కూర్చున్నాడట. నాకు అన్నం పెడుతున్నది ఆ ఏరే అని అది కూడా అనేసిందట. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఒకే ఇంట్లో ఉంటూ "మీ అమ్మాయికి చెప్పు", "మీ ఆయనకి చెప్పు" అని అమ్మ చేత రాయబారాలు. నా కుర్చీ ఉద్యోగాన్ని మాత్రం, కూర్చునేదే కదా, దిగేది కాదుగా అని ఎలాగో సహించాడు.

రెండు నెలలు గడిచాయి. ఆనకట్ట పైన రెండు రోజులుగా కుండపోత. మధ్యాహ్నం భోజనాల వేళ ఇంజినీరు గారు గేట్ల గదిలోంచి ఫోన్ చేసి, మూడు గేట్లు ఎత్తక తప్పదు, కింద ఖాళీ చేయించమన్నారు. మిల్లుకి చేశాను. ఖాళీ అన్నాడు, వెనక మరలు గరగరమంటూనే ఉన్నాయి. వంతెనకి చేశాను. మోగనే లేదు, లైను చచ్చిపోయింది. దగ్గు మామ సెల్లుకి చేస్తే స్విచాఫ్. ఆయన దానికి ఛార్జింగ్ పెట్టడం పండక్కీ పబ్బానికే. చెల్లికి చేశాను. మోగి మోగి ఆగిపోయింది. అది ఫోను సంచిలో పడేసి సంచి వంతెన పైనే వదిలి దిగుతుందని నాకు తెలుసు. కింద నిప్పురవ్వలు, గ్రైండరు మోత. చెవి దగ్గర అరిచినా వినపడదు.

మా ఆఫీసులో నాతోపాటు పనిచేసే అమ్మాయిని మెరుపు అంటాం. ఏ పనైనా చిటికెలో చేసేస్తుంది, తప్పయినా ఒప్పయినా. వంతెన దగ్గరికి ఎలాగోలా ఫోను కలుపుతూ ఉండమని దానికి చెప్పి నేను గేట్ల గదికి మెట్లెక్కాను. ఫోన్లో ఆగమంటే ఇంజినీరు గారు సరేనని గడియారం చూసుకుంటారు, ఎదురుగా నిలబడితే ఆగుతారు. ఆగారు కూడా. నీళ్ళు గోడ మీది ఎర్రగీత తాకనంతవరకు, వంతెన నుంచి మాట రాందే ఎత్తనన్నారు. మంచి మనిషి. నేను ప్రాణం కుదుటపడి కిందికి దిగుతున్నాను.

సగం మెట్లు దిగానో లేదో గోడ లోపల్నుంచి మోటార్ల చప్పుడు. మెట్లు అదురుతున్నాయి. ఆ అదురు నాకు కొత్త కాదు, గేట్లు లేస్తున్నాయి. మిగతా మెట్లు ఎలా దిగానో నాకే తెలీదు.

మెరుపు నవ్వు మొహంతో ఎదురొచ్చింది. వంతెన దొరికిందనీ, ఖాళీ అన్నారనీ, టైము వేస్టు కాకుండా తనే నేరుగా గేట్ల గదికి చెప్పేశాననీ ఒక్క గుక్కలో అప్పజెప్పింది.

"ఎవరు మాట్లాడారు?"

"ఎవరో పెద్దాయన. ఎంత మర్యాదగా మాట్లాడాడో."

"దగ్గాడా?"

"దగ్గడమేంటక్కా?"

ఆయన ఏమన్నాడో అన్నది అన్నట్టు చెప్పమన్నాను.

"'మా ఏట్లో ఎవరూ లేరమ్మా, ఎప్పుడో ఖాళీ అయిపోయింది' అన్నాడు. అంతే, పెట్టేశాడు."

ఆ మాట నేను చిన్నప్పట్నుంచి వింటున్నాను. ఇంటికి ఎవరొచ్చి ఏటి ఊసెత్తినా మా నాన్న అనే మాట అది. ఈ మెరుపు ఏం చేసిందంటే, వంతెన లైను కలవకపోయేసరికి టెలిఫోను వాళ్ళని ఏటి పేరు చెప్పి ఆ ఊరి నంబరు అడిగింది. వాళ్ళు ఆ పేరున్న ఊరి ఆఫీసు నంబరు ఇచ్చారు. ఇది ఆ పేరు చెప్పి, మీరేనా అంది. నాన్న అవునన్నాడు. ఏట్లో ఎవరైనా ఉన్నారా అంది. లేరన్నాడు. అడిగినదాంట్లో తప్పు లేదు, చెప్పినదాంట్లో అబద్ధం లేదు. మా చెల్లి మాత్రం ఏటి మధ్యలో ఉంది.

మెరుపు చెంప పగలగొట్టాలనిపించింది. చెయ్యి ఫోను మీదికి పోయింది కాబట్టి బతికిపోయింది. ఇంజినీరు గారికి చెప్పాను, వంతెన మాట రాలేదు, వచ్చింది వేరే ఊరి మాట, దించండి. ఆయన ఎందుకు ఏమిటి అనకుండా దించమని అవతల అరిచారు. మోటార్ల చప్పుడు మారింది. కానీ అప్పటికే పోయిన నీళ్ళు పోయినట్టే. అరగంట అటూ ఇటూగా అవి వంతెన చేరతాయి, అందులో కొంత ఈసరికే అయిపోయింది.

మేం జీపేసుకుని బయల్దేరినా గుట్ట చుట్టూ తిరిగి పోవాలి, నీళ్ళే ముందు చేరతాయి. మిల్లు వంతెనకి బాగా దిగువన, అవతలి ఒడ్డున ఉంది. వంతెన ఊళ్ళో లైన్లన్నీ చచ్చాయి, అక్కడ ఇంకెవరి సెల్లు నంబరూ నా దగ్గర లేదు. ఇంక దగ్గర్లో ఫోను అందే చోటు ఒక్కటే. మెరక మీంచి వంతెనకి దిగుడు రోడ్డు, స్కూటరు మీద పావుగంట. మా నాన్నకి పాత స్కూటరొకటుంది. దాన్ని ఆయన ఎప్పుడూ ఆ దిగుడు వైపు తిప్పలేదు.

ఫోన్ చేశాను. నాన్న ఎత్తి, ఎప్పట్లాగే ఏటి పేరు చెప్పాడు.

"నాన్నా, నేను."

నా గొంతు విని మీ ఆఫీసువాళ్ళు ఇందాకే చేశారన్నాడు. ఆనకట్ట వాళ్ళే తన చేత ఆ మాట అనిపించుకున్నందుకు ఆయన గొంతులో కాస్త తృప్తి కూడా ఉంది. చెప్పాగా, మా ఏట్లో ఎవరూ లేరని.

"చెల్లి ఉంది నాన్నా."

"ఏ ఏట్లో?"

నాకు కోపం ముక్కు మీద ఉంటుందని అమ్మ అంటుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని నాకు లక్షసార్లు చెప్పి ఉంటుంది. ఆ నిమిషాన నా నోరు మంచిది కాలేదు.

"ఉన్నది ఒక్కటే ఏరు నాన్నా. అది వంతెన కింద ఉంది. మన ఊళ్ళో లేదు, ఎప్పుడూ లేదు. నువ్వు ఖాళీ అన్నావని గేట్లెత్తేశాం. నీళ్ళు దాని మీదికి పోతున్నాయి."

మా ఇంట్లో ఆ మాట అంతవరకూ ఎవ్వరూ అనలేదు. అమ్మ కూడా అనలేదు. పండగపూటా అనలేదు, తగువులోనూ అనలేదు. అవతల రిసీవరు బల్ల మీద పడ్డ చప్పుడు. పెట్టెయ్యలేదు, వదిలేశాడు. కుర్చీ ఈడ్చిన చప్పుడు వచ్చింది. సొరుగు లాగాడు, తాళాలు గలగలమన్నాయి. ఎవరో ఎక్కడికని అడిగారు. దూరంగా స్కూటరు కిక్కు కొట్టిన చప్పుడు. అందుకోలేదు. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ అందుకోలేదు. నేను ఇక్కడ కూర్చుని కాలు నేలకేసి తొక్కుతున్నాను, ఆ కిక్కు నేనే కొడుతున్నట్టు. చివరికి అందుకుంది. చప్పుడు చిన్నదై చిన్నదై పోయింది. ఆ తర్వాత ఆ గదిలో ఫ్యాను తిరగడం ఒక్కటే వినపడింది.

రెండో ఫోన్లోంచి చెల్లికి చేస్తూనే ఉన్నాను. మోగుతుంది, ఆగుతుంది. మళ్ళీ చేస్తాను. మెరుపు గోడకి ఆనుకుని ఏడుస్తోంది. ఏడుపాపి ఆ దగ్గు మామకి చెయ్యమని కసిరాను. అది కళ్ళు తుడుచుకుని చెయ్యడం మొదలుపెట్టింది. కాసేపటికి దాని భుజం మీద చెయ్యి వేశాను. తిట్టినందుకు కాదు, నాకే పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి.

ఇంజినీరు గారు ఫోన్ చేశారు. నీళ్ళు ఎర్రగీత తాకాయన్నారు. గీత దాటితే గేట్లు ఆయన చేతిలో ఉండవు, అప్పుడు ఒక్క వంతెన కాదు, దిగువనున్న ఊళ్ళన్నీ పోతాయి. ఆ మాట ఆయన నెమ్మదిగానే చెప్పారు. అక్కడున్నది మా చెల్లి అని చెప్పాను.

"ఇంకొంచెం ఆపుతానమ్మా. ఆ తర్వాత నన్ను అడగొద్దు."

అడగనన్నాను. ఆ వయసులో నాన్న తడి రోడ్డు మీద ఆ డొక్కు స్కూటరుతో ఎలా దిగుతున్నాడో అని ఇంకో భయం పట్టుకుంది. మొదటి మలుపు, బడి, క్వారీ, రెండో మలుపు. ఆ మలుపు దగ్గర మట్టి జారుతుంది. నేనన్న మాట చెవుల్లో పెట్టుకుని బండి నడుపుతున్నాడు ఆయన. అక్కడ పడితే నేనే తోసినట్టు. ఇక్కడ చెల్లి, అక్కడ నాన్న, ఇద్దర్నీ ఒకే పూట పోగొట్టుకుని ఇంటికెళ్ళి అమ్మకి ఏం చెప్పాలి. నాకు దేవుడి మీద పెద్ద నమ్మకం లేదు, అయినా ఆ పూట అందరు దేవుళ్ళనీ పేరుపేరునా పిలిచాను.

చెల్లి ఫోను మోగుతూ ఉంది. ఆగబోయే ముందు ఎవరో ఎత్తారు. మాట లేదు. రొప్పు, గాలి, దాని వెనక పెద్ద హోరు. ఆ హోరేమిటో నాకు తెలుసు, రోజూ వినేదే.

తర్వాత మా నాన్న గొంతు వచ్చింది. ఆయన ముందు ఏటి పేరు చెప్పాడు. ఎక్కడ నిలబడి చెప్పాడో నాకు అర్థమవడానికి ఒక క్షణం పట్టింది.

"వంతెన మీంచి మాట్లాడుతున్నా. ఏట్లో ఎవరూ లేరు."

ఆ మాట ఆ రోజు ఒకసారి నన్ను ముంచింది. అందుకే నమ్మలేదు. దానికివ్వు, దాని గొంతు వినాలి అన్నాను. చెల్లి వచ్చింది. నేను మాట్లాడకముందే అదే అంది.

"అక్కా, నాన్న నీళ్ళలోకి దిగాడే."

నేను గేట్ల గదికి ఫోన్ చేసి, వంతెన ఖాళీ అన్నాను. వంతెన అని గట్టిగా, ఒకటికి రెండుసార్లు అన్నాను. మోటార్లు మళ్ళీ మొదలయ్యాయి.

జరిగింది తర్వాత అది చెప్పింది. నాన్న వంతెన మీద నిలబడి గొంతు చించుకుని అరిచాడట. దానికి గ్రైండరు మోతలో ఏమీ వినపడలేదు, తలెత్తి చూస్తే నాన్న చేతులు ఊపుతున్నాడు. పదిమందిలో పరువు తీసి ఇంటికి లాక్కుపోవడానికి వచ్చాడనుకుని, మొహానికి ముసుగు దించుకుని మళ్ళీ పనిలో పడిందట. రెండు నెలలుగా మాట్లాడని తండ్రి చెయ్యి ఊపితే ఏ కూతురు మాత్రం నీళ్ళొస్తున్నాయని అనుకుంటుంది? దగ్గు మామ అవతలి గట్టున టీ కొట్లో ఉన్నాడు. చూసి చూసి నాన్న చెప్పులు విప్పి నిచ్చెన దిగాడు. మోకాలి లోతు నీళ్ళలో స్తంభం దాకా నడిచాడు. అది ముసుగెత్తి చూసేసరికి భుజం మీద చెయ్యి ఉంది. "పైకి రా తల్లీ, నీళ్ళొస్తున్నాయి, ఖాళీ అని నేనే చెప్పా" అన్నాడట. దాంతోపాటు ఉన్నవాళ్ళని కూడా ఒక్కొక్కర్నీ రెక్క పట్టుకుని నిచ్చెన దగ్గరికి తోశాడు. తను ఆఖర్న ఎక్కాడు. పై మెట్టు మీద ఉండగానే నీళ్ళొచ్చి వెల్డింగు మిషన్ని ఎత్తుకుపోయాయి.

ఆ తర్వాత ఎంత పిలిచినా రాకుండా, చీకటి పడబోయేదాకా వంతెన కమ్మీ పట్టుకుని ఏటిని చూస్తూ నిలబడ్డాడట. చెల్లి పక్కనే నిలబడింది. చాలాసేపటికి, ఇది ఇంత వెడల్పుందా, మర్చిపోయాను అన్నాడట.

ఇద్దరికీ మాటలు కలిశాయి. అమ్మకి రాయబారాలు తప్పాయి. దగ్గు మామ ఉద్యోగం ఊడలేదు గానీ సెల్లు ఛార్జింగు చూసుకుంటున్నాడు. మెరుపు ఇప్పుడు ఎవరు ఫోనెత్తినా, మీ కిటికీలోంచి ఏం కనపడుతోందో చెప్పమని అడుగుతుంది. మిల్లువాడు విసుక్కుంటాడు, అయినా చెప్తాడు.

వారం తర్వాత ఏదో పని మీద మెరక ఆఫీసుకి చేశాను. నాన్నే ఎత్తాడు. ఏటి పేరు చెప్తాడని నేను ఎదురుచూస్తున్నాను. చిన్నప్పట్నుంచి విన్నదాన్ని, చెవి దానికోసమే ఉంటుంది.

"మెరక ఆఫీసండీ. ఇక్కడ ఏరు లేదు. ఏరు కావాలంటే వంతెనకి చెయ్యండి."

ఊళ్ళో ఆయన మీద అందరూ మండిపడుతున్నారని అమ్మ చెప్పింది. మన పేరు మన నోటితోనే పోగొట్టావని తోటివాళ్ళు ఇంటికొచ్చి మరీ దెబ్బలాడారట. ఫోను మోగితే మాత్రం ప్రతిసారీ అదే మాట, మర్యాదగా, మొదటి నుంచి చివరిదాకా.

మన ఊళ్ళో ఏరు లేదని నేననాల్సిందే అన్నాను, అనకపోతే మా చెల్లి లేదు. అయినా ఆ రోజు ఫోన్లో నాన్న నోట ఆ మాట వినగానే ఏడుపు ఆపుకోలేకపోయాను. అవతల నాన్న ఎవరండీ, ఎవరు అని అడుగుతున్నాడు. నేను, నాన్నా, అన్నాను.

"నువ్వా. నీక్కూడా అంతే చెప్పాలి కదమ్మా" అన్నాడు.